బాగుపడినవారు మళ్లీ కనిపించరు: వ్యసన చికిత్స సిబ్బందిలో అసంతృప్తి ఎక్కడ పుడుతోంది?

క్లుప్తంగా: మద్యం, గంజాయి వ్యసనాలకు చికిత్స చేసేవాళ్లు ఆ పనిలో ఎక్కువ కాలం నిలవకపోవడానికి రోగులే కారణమని చాలామంది అనుకుంటారు. పరిశోధనలు చెప్పేది, జిల్లాల్లోని చికిత్స కేంద్రాల పని తీరు చూపించేది వేరు. రోగితో పని చాలామందికి తృప్తినే ఇస్తోంది. ఆ పని ఫలితం వాళ్ల కంట పడకపోవడం, ఏడాదికోసారి రెన్యువలయ్యే ఉద్యోగాలు, చట్టానికీ కుటుంబానికీ మధ్య ఒంటరిగా నిలబడాల్సి రావడం వాళ్లను బయటికి నెడుతున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలసలు, ఉద్దానం కిడ్నీ జబ్బు, ఒడిశా సరిహద్దు ఈ ఒత్తిడిని ఇంకా పెంచుతున్నాయి.

గంజాయితో యువకులు పట్టుబడ్డారన్న వార్త ఈ రెండు జిల్లాల పేజీల్లో తరచూ కనిపిస్తుంది. ‘తల్లిదండ్రులను పిలిచి కౌన్సెలింగ్ ఇచ్చారు, డీ అడిక్షన్ సెంటర్‌కు పంపారు’ అన్న మాటతో ఆ వార్త ముగుస్తుంది. చికిత్స మొదలయ్యేది ఆ తర్వాతే, దాని గురించి మాత్రం ఎక్కడా రాయరు. ఆ సెంటర్లో ఎవరున్నారు, ఎంతమంది ఉన్నారు, పోయిన ఏడాది ఉన్న కౌన్సెలర్ ఈ ఏడాది ఎందుకు లేరు అన్న ప్రశ్నలు రోగి కుటుంబానికి తప్ప ఎవరికీ పట్టవు.

ఈ ప్రశ్న ఇప్పుడు అడగడానికి కారణం ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి వచ్చే గంజాయిని అడ్డుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 చివర్లో ‘ఈగల్’ పేరుతో ప్రత్యేక దళాన్ని పెట్టింది, ఫిర్యాదులకు 1972 నంబరు ఇచ్చింది. మద్యం విధానం కూడా ఐదేళ్లలో రెండుసార్లు మారింది. 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వం చేతికి వెళ్లాయి, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటుకు వచ్చాయి. అంతకుముందు 1995లో వచ్చిన మద్య నిషేధాన్ని 1997లో సడలించిన సంగతి పెద్దవాళ్లకు గుర్తే. విధానం ఎటు మారినా, చేతులు వణుకుతూ వచ్చిన మనిషిని మంచం మీద పడుకోబెట్టి నాడి చూసే సిబ్బంది సంఖ్య మాత్రం దాదాపు అలాగే ఉంటోంది.

అవసరం కొండంత, చేతులు కొన్నే

దేశవ్యాప్తంగా మాదకద్రవ్యాలు, మద్యం వాడకంపై ఎయిమ్స్ చేసిన సర్వే నివేదిక 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారని, వాళ్లలో సుమారు 2.9 కోట్ల మంది దానికి బానిసలయ్యారని అది లెక్క కట్టింది. మద్యం వల్ల ఇబ్బంది పడే స్థాయికి చేరినవారు 10 శాతం దాటిన కొద్ది రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని, ఆసుపత్రిలో చేరి చికిత్స పొందేది 180 మందిలో ఒక్కరేనని కూడా అదే నివేదిక చెప్పింది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో మద్యం సమస్యకు చికిత్స అందనివారు 86 శాతం. దేశంలో లక్ష జనాభాకు మానసిక వైద్యులు ఒక్కరు కూడా లేరు.

రెండు జిల్లాల్లో ఈ సేవ ప్రధానంగా రెండు దారుల్లో అందుతుంది. ఒకటి ప్రభుత్వ ఆసుపత్రులు. శ్రీకాకుళంలో ఒకప్పుడు రిమ్స్‌గా పిలిచిన సర్వజన ఆసుపత్రి, విజయనగరంలో 2023లో మొదలైన వైద్య కళాశాల ఈ వైపున ఉన్నాయి. అక్కడ కుదరని కేసు విశాఖ చినవాల్తేరులోని మానసిక ఆసుపత్రికి వెళుతుంది. రెండోది కేంద్ర సామాజిక న్యాయ శాఖ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపే పునరావాస కేంద్రాల పద్ధతి. ఇందులో డాక్టరు తరచూ పార్ట్‌టైమే. రోజంతా రోగులతో ఉండేది కౌన్సెలర్లు, నర్సులు, వార్డ్ బాయ్‌లు, ఒకప్పుడు తాగి మానేసి ఇప్పుడు తోటివారికి సాయపడే పీర్ ఎడ్యుకేటర్లు. ఉద్యోగ తృప్తి గురించి మాట్లాడేటప్పుడు డాక్టర్ల గురించే ఎక్కువ చర్చ జరుగుతుంది. ఈ రంగంలో అసలు బరువు మోసేది ఆ కింది వరుస.

మూడో రాత్రి

బయటివారికి ఈ పని అంటే కూర్చోబెట్టి మంచి మాటలు చెప్పడం. వార్డులో మొదటి వారం జరిగేది పూర్తిగా శరీరానికి సంబంధించిన వైద్యం.

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఆరు గంటల నుంచి ఒక రోజులోపు వణుకు, చెమట, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పాములు కనిపిస్తాయి, దుప్పటి మీద పురుగులు ఏరుతుంటారు. ఈ దశలో మనిషి తన వృత్తి పనినే గాలిలో చేస్తుండటం వైద్యులకు బాగా తెలిసిన లక్షణం. తీరప్రాంతం నుంచి వచ్చిన జాలరి లేని వలను రెండు చేతులా లాగుతూ ఉంటాడు, ఆటో డ్రైవరు లేని హ్యాండిల్ తిప్పుతూ ఉంటాడు. ఊళ్లో ఇదే జరిగితే గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారు. సరైన చికిత్స లేకపోతే ఇది ప్రాణం తీస్తుంది.

ఇంకో చిక్కు ఊరి ఆర్‌ఎంపీ దగ్గర మొదలవుతుంది. నీరసంగా ఉన్నాడని ముందు గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు. ఏళ్ల తరబడి తిండి మాని తాగినవారి ఒంట్లో బి1 విటమిన్ నిల్వలు అడుగంటి ఉంటాయి. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది. రోగి వార్డుకు చేరేసరికి ఎంత ఎక్కింది, ఎప్పుడు ఎక్కింది అన్నది ఎవరూ చెప్పలేరు.

ఇదంతా నైట్ డ్యూటీలో ఒక స్టాఫ్ నర్సు, ఒక వార్డ్ బాయ్ చూసుకోవాల్సి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. రోగి సెలైన్ సూది పీకేస్తాడు, లేచి పరుగెత్తబోతాడు, అడ్డొచ్చినవారిని తోస్తాడు. తెల్లవారి స్పృహలోకి వచ్చాక అతనికి ఏదీ గుర్తుండదు, దెబ్బ తిన్న వార్డ్ బాయ్‌కి గుర్తుంటుంది. ఆసుపత్రి సిబ్బందిపై దాడులను అరికట్టడానికి రాష్ట్రంలో 2008 నుంచి చట్టం ఉంది. మతి తప్పిన రోగి కొట్టిన దెబ్బకు ఆ చట్టం వర్తించడం కష్టం, వర్తింపజేయాలని సిబ్బందీ కోరుకోరు. వాళ్లు కోరేది రాత్రిపూట ఇంకో మనిషి.

తృప్తి, అసంతృప్తి ఒకే కొలబద్ద మీద ఉండవు

ఇంత కష్టమైన పనిలో తృప్తి ఏముంటుందన్న సందేహం సహజం. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ఒక సంగతి చెప్పారు. ఉద్యోగంలో తృప్తినిచ్చే విషయాలు వేరు, అసంతృప్తి తెచ్చే విషయాలు వేరు. పని అర్థవంతంగా ఉండటం, ఫలితం కనిపించడం, గుర్తింపు తృప్తినిస్తాయి. జీతం, భద్రత, పై అధికారి తీరు, పని పరిస్థితులు సరిగా లేకపోతే అసంతృప్తి పుడుతుంది. ఇవి బాగున్నంత మాత్రాన తృప్తి రాదు, ఇవి లేనంత మాత్రాన పనిపై ప్రేమ పోదు. ఈ సిద్ధాంతంపై తర్వాత చాలా విమర్శలు వచ్చినా, వ్యసన చికిత్స రంగంలోని వింతను అది బాగానే వివరిస్తుంది. ‘ఈ పనంటే ఇష్టమే’ అన్న కౌన్సెలరే మరుసటి నెల వేరే ప్రాజెక్టులో చేరడం వింతగా తోస్తుంది. ఆ రెండూ నిజమే.

అమెరికాలో ఈ రంగంలోని కౌన్సెలర్లపై 2010 ప్రాంతంలో జరిగిన అధ్యయనాల్లో ఏడాదిలో దాదాపు మూడో వంతు మంది ఆ చోటు వదిలేస్తున్నట్టు తేలింది. అంటే వనరులున్న దేశానికీ ఇది తప్పలేదు. అక్కడా ఇక్కడా ఉమ్మడిగా ఉన్న కారణం ఏమిటన్నది ముఖ్యమైన ప్రశ్న.

డయాలసిస్ గదితో పోలిస్తే

ఆ కారణం తెలియాలంటే శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న ఇంకో చికిత్సను పక్కన పెట్టి చూడాలి. ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునే రోగి వారానికి రెండు మూడుసార్లు వస్తాడు, ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాడు. ‘ఇన్నిసార్లు చేశారు, ఇంకా తగ్గలేదేం?’ అని టెక్నీషియన్‌ను ఎవరూ నిలదీయరు. అతను మళ్లీ వచ్చాడంటే బతికి ఉన్నాడని అర్థం. వ్యసన చికిత్స కేంద్రంలో అదే మనిషి రెండోసారి వస్తే అది చికిత్స వైఫల్యం. కుటుంబం అలాగే అంటుంది, ఊరు అలాగే అంటుంది, కొన్నాళ్లకు సిబ్బందీ అలాగే అనుకోవడం మొదలుపెడతారు.

వైద్యశాస్త్రం దృష్టిలో రెండూ దీర్ఘకాలిక జబ్బులే. 2000లో అమెరికా పరిశోధకులు కొందరు వ్యసనాన్ని బీపీ, షుగర్, ఆస్తమాలతో పోల్చి చూశారు. చికిత్స తర్వాత మళ్లీ వాడకంలో పడేవారు 40 నుంచి 60 శాతం. బీపీ, ఆస్తమా రోగుల్లో మళ్లీ ముదిరి వచ్చేవారు 50 నుంచి 70 శాతం. బీపీ మాత్ర మానేసి పక్షవాతంతో వచ్చిన రోగిని చూసి ఏ డాక్టరూ తన చదువు వృథా అయిందనుకోడు. తాగుడు మళ్లీ మొదలుపెట్టి వచ్చినవాణ్ని చూసి కౌన్సెలర్ అలా అనుకుంటాడు. జబ్బుల మధ్య తేడా కన్నా వాటిని కొలిచే తీరులోని తేడా ఇక్కడ పెద్దది.

దీనికి తోడు ఇంకో మాయ పనిచేస్తుంది. 1984లో పట్రీషియా కోహెన్, జేకబ్ కోహెన్ అనే పరిశోధకులు దాన్ని వివరించారు. వైద్యుడు ఏ రోజైనా తన ఎదుట చూసే రోగుల్లో జబ్బు ఎక్కువకాలం లాగేవారే ఎక్కువ ఉంటారు, ఎందుకంటే వాళ్లే మళ్లీ మళ్లీ వస్తారు. త్వరగా కోలుకున్నవాడు ఒకసారి వచ్చి వెళ్లిపోతాడు. అందువల్ల వైద్యుడికి ఆ జబ్బు ఉన్నదానికన్నా మొండిగా కనిపిస్తుంది.

డీ అడిక్షన్ వార్డులో ఈ మాయ రెండింతలవుతుంది. కోలుకున్నవాడు రాకపోవడమే కాదు, కావాలని దూరంగా ఉంటాడు. విజయనగరం మూడు లాంతర్ల కూడలి దగ్గర వార్డు నర్సు ఎదురుపడినా పలకరించడు. పక్కన భార్యో, కొత్త యజమానో ఉంటారు, ‘ఈవిడెవరు?’ అని అడిగితే ఏం చెప్పాలన్న టెన్షన్ అతనిది. అందులో తప్పు లేదు, పాత జీవితాన్ని వదిలించుకోవడం కోలుకోవడంలో భాగమే. కానీ నర్సు వైపు నుంచి చూస్తే లెక్క ఇలా ఉంటుంది: వార్డుకు తిరిగి వచ్చినవారి ముఖాలన్నీ గుర్తు, తిరిగి రానివారు బతికారో చచ్చారో తెలియదు. మూడేళ్లు ఇలా గడిచాక ‘వీళ్లెవరూ మారరు’ అన్న మాట ఆమె నోట వస్తే, ఆమెను తప్పుపట్టే ముందు ఆమె కళ్లకు ఏం చూపించామో ఆలోచించాలి.

ఉద్యోగపు అలసటను కొలిచే పద్ధతిని 1981లో క్రిస్టినా మాస్లాక్ రూపొందించారు. మనసు ఖాళీ కావడం, ఎదుటివారిని మనుషులుగా కాక కేసులుగా చూడటం, తన పనికి ఫలితం లేదనిపించడం అందులోని మూడు లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా తన తాజా జబ్బుల పట్టికలో దీన్ని చేర్చింది, జబ్బుగా మాత్రం కాదు, ఉద్యోగం వల్ల వచ్చే స్థితిగా. మూడో లక్షణానికి పైన చెప్పిన మాయ నేరుగా ఆజ్యం పోస్తుంది. క్షయ చికిత్సలో రోగి మందుల కోర్సు పూర్తయిందా లేదా అన్నది నిక్షయ్ పోర్టల్‌లో నమోదవుతుంది, ఆరోగ్య కార్యకర్తకు తన పని ఫలితం కనిపిస్తుంది. వ్యసన చికిత్సలో డిశ్చార్జి తర్వాత ఏం జరిగిందో తెలుసుకునే బలమైన ఏర్పాటు లేదు. ఈ లోటు తృప్తిని తినేస్తోందని అనుకోవడానికి తగిన కారణాలున్నాయి.

కుటుంబానికీ చట్టానికీ మధ్య

‘బాబూ, మందు మానిపించే మాత్ర ఏటైనా ఉంటే ఇచ్చీండి, ఆడికి తెలీకుండా కూరలో కలిపేస్తాం.’ ఉత్తరాంధ్రలో ఓపీకి వచ్చే భార్యలు, తల్లులు తరచూ అడిగేది ఇదే. అలాంటి మాత్ర ఉంది. డైసల్ఫిరామ్ అనే ఆ మాత్ర వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. కొన్నిసార్లు ప్రాణం కూడా పోవచ్చు. అందుకే రోగికి తెలిసి, ఒప్పుకుని, తాగడం ఆపి కనీసం 12 గంటలు గడిచాకే ఇవ్వాలి. ఇవ్వనంటే కౌన్సెలర్ కఠినాత్ముడవుతాడు. ఇస్తే నేరం చేసినవాడవుతాడు. రోజూ దెబ్బలు తిని, పుస్తెలు కూడా తాకట్టు పెట్టిన ఆడమనిషికి ఈ సంగతి వివరించి చెప్పడం, ఆమె కన్నీళ్లతో వెనుదిరగడం చూడటం ఏ జాబ్ చార్టులోనూ రాయని పని.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక స్థితులనూ తన పరిధిలోకి తీసుకుంది. నిర్ణయం తీసుకోగల రోగి తన ఇష్టంతో చేరతాడు, తన ఇష్టంతో వెళ్లిపోవచ్చు. ఆ సామర్థ్యం లేని స్థితిలో కుటుంబ ప్రతినిధి ద్వారా చేర్చుకోవచ్చు, దానికి మొదటి విడత గరిష్ఠంగా 30 రోజులు. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. చట్టం మంచిదే, ఎంతోమందిని బంధిఖానాల్లాంటి ప్రైవేటు కేంద్రాల నుంచి కాపాడగలిగేదే. దాని భారం మాత్రం గేటు దగ్గర నిలబడిన సిబ్బంది మీద పడింది. ‘ఆర్నెల్లు ఉంచండి, డబ్బు కడతాం’ అని తండ్రి అంటాడు. ‘నన్ను పంపించకపోతే కేసు పెడతా’ అని కొడుకు అంటాడు. ఇద్దరికీ చట్టం చెప్పాల్సింది పాతికేళ్ల కౌన్సెలర్.

గంజాయి కేసుల్లో పోలీసులు కూడా ఈ మధ్యలోకి వస్తారు. మాదకద్రవ్యాల నియంత్రణకు ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రకారం తక్కువ పరిమాణంతో దొరికిన లేదా వాడకం కేసులో ఉన్న వ్యక్తి స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొస్తే విచారణ నుంచి మినహాయింపు పొందే వీలుంది. మంచి ఉద్దేశమే, అయితే అలా వచ్చిన కుర్రాడు కౌన్సెలర్‌ను పోలీసు మనిషిగానే చూస్తాడు. ఎవరి దగ్గర కొన్నావన్న ప్రశ్నకు, ఎందుకు మొదలుపెట్టావన్న ప్రశ్నకు అతని దృష్టిలో తేడా లేదు. మద్యానికి మందులున్నాయి, గంజాయి వ్యసనానికి ప్రత్యేకంగా ఆమోదించిన మందు లేదు. చికిత్స అంతా మాటల మీద, నమ్మకం మీద నడవాలి. ఆ నమ్మకాన్నే దెబ్బతీసే దారిలో రోగులు వస్తుంటే ఫలితాలు తగ్గుతాయి, ఆ తగ్గుదల మళ్లీ కౌన్సెలర్ ఖాతాలోనే పడుతుంది.

ఈ జిల్లాల ప్రత్యేక బరువు

శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల నుంచి జాలర్లు గుజరాత్‌లోని వెరావల్ దాకా వలస వెళతారు. కూలీలు చెన్నై, హైదరాబాద్, విశాఖ పోతారు. డిశ్చార్జి అయిన మనిషి రెండు వారాలకు ఓపీకి రావాలని కార్డు మీద రాసిస్తే, ఆ తేదీకి అతను వెరావల్ రేవులో ఉంటాడు. ఫాలోఅప్ తెగిపోవడానికి ఇక్కడ రోగి నిర్లక్ష్యం కన్నా రైలు టికెట్టే పెద్ద కారణం.

ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వంటి మండలాల్లో మూత్రపిండాల జబ్బు మందుల ఎంపికను కూడా కష్టం చేస్తుంది. మద్యంపై యావను తగ్గించే అకాంప్రోసేట్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఇవ్వకూడదు. ఇదే పనికి వాడే బాక్లోఫెన్ కూడా అలాంటివారిలో మతి తప్పేలా చేయగలదు. యావ తగ్గించే ఇంకో మందు నాల్‌ట్రెక్సోన్, పైన చెప్పిన డైసల్ఫిరామ్‌ల విషయంలో కాలేయం చూసుకోవాలి, ఏళ్లుగా తాగినవాడి కాలేయం ముందే దెబ్బతిని ఉంటుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, లివర్ పరీక్షలు లేకుండా ఇక్కడ మందు రాయడం అంటే చీకట్లో నడవడమే. ఆ పరీక్ష రిపోర్టు వచ్చేదాకా రోగి వణుకుతూ ఉంటాడు, బంధువులు అరుస్తూ ఉంటారు.

పండగల లెక్క కూడా సిబ్బందికి బాగా తెలుసు. సంక్రాంతి, గ్రామదేవత సంబరాలు, దసరా తర్వాత విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముగిశాక కోలుకుంటున్నవారికి గడ్డుకాలం. అయ్యప్ప మాల సీజన్‌ది ఇంకో తీరు. 41 రోజుల దీక్ష కోసం ఒక్కసారిగా మద్యం ఆపేసినవారిలో బాగా అలవాటున్నవారికి రెండో మూడో రోజున వణుకు, ఫిట్స్ రావచ్చు. దీక్షను తక్కువ చేయాల్సిన పని లేదు. మనిషి నలభై రోజులు మానగలడని అది రుజువు చేస్తుంది, మాల తీసిన మర్నాడు నుంచి ఏం చేయాలన్నది కౌన్సెలర్ అందిపుచ్చుకోగల మంచి సందర్భం. గురుస్వాములకూ ఆసుపత్రికీ మధ్య మాట ఉంటే ఎంతో మేలు.

   

నాకు తెలుసా, నాకు హక్కుందా, నాకు అండ ఉందా

1970లలో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రికి చెందిన పరిశోధకులు తాగుబోతు రోగులంటే సిబ్బంది ఎందుకు వెనకాడతారో పరిశీలించారు. చెడ్డ అభిప్రాయమే కారణమని అంతా అనుకునేవారు. వాళ్లు గుర్తించింది మూడు విషయాలు: ఈ పని చేయగల తెలివి నాకుందన్న ధీమా, ఈ ప్రశ్నలు అడిగే హక్కు నాకుందన్న నమ్మకం, చిక్కు వస్తే అడగడానికి ఎవరో ఉన్నారన్న అండ. మూడూ ఉన్నచోట రోగిపై చిరాకు తగ్గి, పనిపై నిబద్ధత పెరిగింది. శిక్షణ ఒక్కటే ఇచ్చి అండ ఇవ్వకపోతే మార్పు నిలబడలేదు.

మన దగ్గర శిక్షణంటే తరచూ రెండు మూడు రోజుల వర్క్‌షాపు, ఒక సర్టిఫికెట్. ఆ తర్వాత అడగడానికి ఎవరూ ఉండరు. పాలకొండ వైపు నుంచి వచ్చిన సవర గిరిజన కుర్రాడితో ఎలా మాట్లాడాలి, జీలుగు కల్లు ఇంటి ఆచారమైనచోట ‘పూర్తిగా మానెయ్’ అన్న మాట ఎలా చెప్పాలి అన్నవి పుస్తకంలో ఉండవు. రోగి ఆత్మహత్య చేసుకున్నాడన్న కబురు వచ్చిన రోజు కౌన్సెలర్‌ను కూర్చోబెట్టి మాట్లాడేవారు అసలే ఉండరు. మర్నాడు ఓపీ మామూలుగానే తెరుస్తారు.

జీతం, రెన్యువల్

దీని గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు, చెప్పకుండా వదిలేయడానికీ లేదు. ఈ రంగంలో చాలా పోస్టులు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్, ప్రాజెక్టు పద్ధతిలోనే నడుస్తాయి. స్వచ్ఛంద సంస్థల కేంద్రాలకు గ్రాంటు తనిఖీల తర్వాత, విడతలుగా వస్తుంది. విడత ఆలస్యమైతే ముందు ఆగేది జీతమే, ఎందుకంటే రోగులకు అన్నం ఆపలేరు, అద్దె ఆపలేరు. మార్చి వచ్చేసరికి రెన్యువల్ ఉంటుందో లేదోనన్న టెన్షన్. వ్యసనం నుంచి బయటపడటానికి ఏళ్లు పడుతుంది, కౌన్సెలర్ ఉద్యోగానికి ఏడాది కూడా భరోసా లేదు. రోగి మూడోసారి వచ్చినప్పుడు మొదటిసారి చూసిన మనిషి అక్కడ లేకపోతే, తన కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. చాలామంది చెప్పుకోరు, వెళ్లిపోతారు.

పెళ్లి సంబంధాల్లో ‘తాగుబోతుల ఆసుపత్రిలో పని’ అని చిన్నచూపు చూడటం, అదే ఆసుపత్రిలోని మిగతా విభాగాలవాళ్లు ఈ వార్డును ఒక మూలకు నెట్టినట్టు మాట్లాడటం కూడా మనసులో గుచ్చుకుంటుంది. రోగికి అంటిన మచ్చ వైద్యం చేసేవారికీ అంటుకుంటుంది.

అయినా ఉన్నవాళ్లు ఎందుకు ఉన్నారు

ఇన్ని ఉన్నా పదేళ్లుగా ఇదే పని చేస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను పట్టి ఉంచేవి పెద్ద విజయాలు కావు. నాలుగు రోజుల క్రితం లేని వల లాగిన మనిషి ఐదో రోజున సొంతంగా ఇడ్లీ తుంచుకుని తింటాడు. వైద్యంలో ఇంత వేగంగా కళ్లెదుట మారే దృశ్యం తక్కువ. మళ్లీ తాగాక ఇంటివాళ్లకు చెప్పకుండా ముందు కౌన్సెలర్‌కే ఫోన్ చేసే రోగి ఉంటాడు. ఆ ఫోన్ వైఫల్యంలా కనిపించినా, అనుభవం ఉన్నవారు దాన్ని చికిత్స పనిచేస్తోందనడానికి గుర్తుగా తీసుకుంటారు. ఇక పీర్ ఎడ్యుకేటర్ల సంగతి వేరు. తాము మానేసిన చోటే ఇతరులను నిలబెట్టడం వాళ్లకు ఉద్యోగం కన్నా ఎక్కువ. అందుకే వాళ్లను చాలా తక్కువ డబ్బుకు వాడుకోవడం తేలికవుతుంది. వాళ్లలో ఒకరు మళ్లీ తాగుడులో పడితే ఆ కేంద్రం మొత్తం కుదేలవుతుంది.

ముందు ముందు ఏం జరగవచ్చు

ఇప్పుడున్న తీరే కొనసాగితే మొదట పోయేది మంచి కౌన్సెలర్లు, ఎందుకంటే వేరేచోట ఉద్యోగం వచ్చేది వాళ్లకే. వాళ్లు వదిలిన చోటును మందులు, ఆ తర్వాత తాళాలు నింపుతాయి. మాట్లాడే మనిషి లేని కేంద్రంలో మనిషిని పడుకోబెట్టి ఉంచడమే చికిత్స అవుతుంది. అధికారిక కేంద్రాల్లో పడక దొరకని కుటుంబాలు రిజిస్ట్రేషన్ లేని ప్రైవేటు కేంద్రాలకు, ఊళ్లలో ఆకు పసర్లు ఇచ్చేవారి దగ్గరికి వెళతాయి.

మార్పుకు ఖర్చు ఎక్కువయ్యేవి ఉన్నాయి, తక్కువయ్యేవీ ఉన్నాయి. కౌన్సెలర్, నర్సు పోస్టులకు కనీసం మూడేళ్ల భరోసా, రాత్రి డ్యూటీలో అదనపు మనిషి, రెండు జిల్లాల బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలను పూర్తి బలంతో నడపడం మొదటి కోవలోవి. ఇవి ప్రభుత్వ నిర్ణయాలు, బడ్జెట్‌తో ముడిపడినవి.

రెండో కోవలోవి జిల్లాలోనే చేయగలిగినవి. డిశ్చార్జి అయిన ప్రతి రోగికి నెల, మూడు నెలలు, ఆరు నెలలకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడిగి రిజిస్టరులో రాస్తే చాలు: ఎలా ఉన్నారు, ఈ నెలలో ఎన్ని రోజులు తాగారు? వెరావల్‌లో ఉన్నా ఫోన్ అందుతుంది. పూర్తిగా మానేశాడా లేదా అన్న ఒక్క లెక్కే కాక, తాగిన రోజులు తగ్గాయా, పనికి వెళ్తున్నాడా, ఇంట్లో కొట్లాట తగ్గిందా అన్నవి కూడా రాయాలి. నెలకోసారి ఆ రిజిస్టరును వార్డ్ బాయ్ సహా అందరి ముందూ చదివితే, తిరిగి రానివారు ఏమయ్యారో మొదటిసారి తెలుస్తుంది. రోగి ముందుగా ఒప్పుకుంటేనే ఫోన్ చేయాలి, ఇంటివాళ్లు ఎత్తితే ఆసుపత్రి పేరు చెప్పకూడదు అన్న నియమాలు తప్పనిసరి.

అండ కోసం కూడా దారి ఉంది. నిమ్హాన్స్ దాదాపు పదేళ్లుగా వేరే రాష్ట్రాల్లోని జిల్లా కౌన్సెలర్లతో వీడియోలో కేసులు చర్చిస్తూ శిక్షణ ఇస్తోంది. కౌన్సెలర్ తన కష్టమైన కేసును చెబుతాడు, నిపుణులు, మిగతా జిల్లాలవాళ్లు కలిసి ఆలోచిస్తారు. అదే పద్ధతిలో విశాఖ మానసిక ఆసుపత్రి కేంద్రంగా, తెలుగులో, వారానికి ఒక గంట నడిపితే పాలకొండ కేసుకు పలాస కౌన్సెలర్ సలహా ఇవ్వగలడు. రోగులకు జాతీయ హెల్ప్‌లైన్ 14446 ఉంది, మానసిక ఇబ్బందికి టెలి మానస్ 14416 ఉంది. అర్ధరాత్రి మతి తప్పిన రోగి పక్కన ఒంటరిగా నిలబడిన నర్సు ఎవరికి ఫోన్ చేయాలన్నది ప్రతి కేంద్రం గోడ మీద పేరు, నంబరుతో రాసి ఉండాలి. ఆ పేరు గల డాక్టరు ఫోన్ ఎత్తడం అతని డ్యూటీలో భాగమని ఉత్తర్వు ఉండాలి.